గ్లిజరిన్ పాకం

ఈ ఏడు చలి కాస్త గట్టిగానే పడింది. పెదాలు పగిలి, నవ్వితే మంట పుడుతుంటే మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒకదాని తర్వాత ఒకటి ట్యూబులు తీసి పేర్చింది. కలబంద ఉన్నదొకటి, కుంకుమపువ్వు ఉన్నదొకటి, పేరు పలకడానికే పెదాలు పగిలేది ఇంకొకటి. నాకు గ్లిజరిన్ చాలమ్మా అన్నాను. వెనక అరలో ఎక్కడో వెతికి, దుమ్ము తుడిచి, చిన్న సీసా తెచ్చి ఇచ్చింది.

అలవాటు కొద్దీ దాన్ని తలకిందులు చేసి వెలుతురుకి పట్టి చూశాను. లోపలి గాలిబుడగ తొందరేమీ లేనట్టు మెల్లగా పైకి వచ్చింది.

"పాడైపోయిందేమోనని చూస్తున్నారా అండీ? డేటు ఉందండి దాని మీద" అంది ఆ అమ్మాయి.

"నీటిబొట్టు తగలకపోతే గ్లిజరిన్‌లో ఏదీ పాడవదమ్మా" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా నాన్నకి ఆయన స్నేహితుడు చెప్పింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ మాటని పట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. సీసా సంచిలో వేసుకుని ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా అదే గుర్తొచ్చింది.

మాది పాలకొల్లుకి వెళ్ళే కాలవ గట్టు మీద ఊరు. మిషను వాళ్ళ హైస్కూల్లో నాన్న డ్రాయింగు మేష్టారు. పిల్లల చేత కుండలూ మామిడికాయలూ గీయించడం జీతం కోసం, ఫొటోలు తీయడం ప్రాణం కోసం. ఆయన దగ్గర తోలుతిత్తిలా ముడతలుండే కెమెరా ఒకటి ఉండేది. స్కూల్లో పాతది అమ్మేస్తుంటే కొనుక్కున్నారు. ఫొటో తీయడమే కాదు, ఫిల్ము కడగడం, అచ్చు వేయడం అన్నీ ఇంట్లోనే. మా పక్క గది కిటికీకి గోనెసంచులు కొట్టి, తలుపు సందులకి బొంతలు కుక్కి, ఎర్ర గాజు లాంతరు పెడితే అదే ఆయన డార్క్ రూము. అమ్మ చీరలన్నీ ఆ గది వాసనే వేసేవి. పుల్లగా, ఇనుము నాకినట్టుగా ఉండే వాసన అది. వంటింట్లోంచి వచ్చే చేపల పులుసు వాసన, కాలవ మీంచి వచ్చే నాచు వాసన, ఈ వాసన కలిస్తే మా ఇల్లు.

నాన్నకి ఉన్న ఒకే ఒక్క శత్రువు మా కోనసీమ పక్క గాలి. ఇక్కడ ఉప్పు డబ్బాలో ఉండగానే నీరు కారిపోతుంది, అప్పడాలు పొద్దున ఎండితే సాయంత్రానికి మెత్తబడతాయి. అలాంటి చోట ఫిల్ము కడిగే మందు నిలవుంటుందా? డెవలపరు అంటే రెండు రకాల తెల్ల పొడులు. రాజమండ్రి నుంచి తెప్పించి నీళ్ళలో కలిపి సీసాలో పోస్తే రెండో రోజుకి టీ రంగు, నాలుగో రోజుకి కాఫీ డికాక్షను. ఇంక అందులో ఫిల్ము ముంచినా ఒకటే, కాలవలో ముంచినా ఒకటే. నెలకి ఒక్క ఫిల్ము తీసే మనిషికి ప్రతిసారీ కొత్తమందు ఎక్కడినించి వస్తుంది?

మిషను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన ఒకరుండేవారు. బట్టతల, చేతికి ఎప్పుడూ పసుపచ్చ గోళ్ళు. ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక మా అరుగు మీద కూర్చుని నాన్నతో మందుల మాటలే మాట్లాడేవారు. ఉపాయం ఆయనే చెప్పారు.

"నీళ్ళేనండి మేష్టారూ దానికి శత్రువు. నీళ్ళల్లో ఉంటే గాలి పీల్చేసి చచ్చిపోద్ది. గ్లిజరిన్‌లో కరిగించి పెట్టుకోండి. నీటిబొట్టు తగలకపోతే ఆర్నెల్లు ఉన్నదున్నట్టు ఉంటది. కావాల్సినప్పుడు రెండు చెంచాలు తీసి, బట్టల సోడా కరిగించిన నీళ్ళల్లో కలుపుకోవడమే ఆయ్."

ఆయనే పొడులు తూచి, కాగితప్పొట్లాలు కట్టి పంపించారు. నాన్న ఆ సాయంత్రమే వంటింట్లో దిగారు. గిన్నెలో గ్లిజరిన్ పోసి, పొడి చల్లి, ఏకంగా పొయ్యి మీద పెట్టి మంట ఎగదోశారు. పొడి కరగలేదు గానీ గిన్నె అడుగు మాడింది. ఆ పొగ సంగతి ఏం చెప్పను! ఎండుమిరపకాయలు మాడినా అంత ఘాటు ఉండదు. కళ్ళు తెరవలేం, ఊపిరి ఆడదు. చంటివాడు మా తమ్ముడు గుక్కపెట్టాడు. అమ్మ వాడిని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. పక్కింటివాళ్ళు బిందెలతో నీళ్ళు పట్టుకొచ్చారు.

మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి గిన్నె దింపింది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా అరిసెల పాకం చూడటానికి మా మామ్మ వెళ్ళాల్సిందే. అలాంటి మనిషి వంటింట్లో పాకం మాడటం ఆవిడకి తలవంపు.

"చదువుకున్నావు, ఏం లాభం రా? చిక్కటి వస్తువుని నేరుగా మంట మీద పెడతారా ఎవరైనా? జున్ను ఎలా వండుతారు? గిన్నెలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళల్లో ఇంకో గిన్నె పెట్టి వండుతారు. ఆ మాత్రం నన్ను అడిగితే నీ మేష్టరీ ఏమైనా తగ్గిపోద్దా?"

"నీకెందుకమ్మా ఈ మందుల గొడవ" అన్నారు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.

"నాకెందుకో నా గిన్నెనడుగు."

మర్నాడు ఇద్దరూ కలిసి కూర్చున్నారు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే అందులో ఎనామిలు గ్లాసు. గ్లాసులో గ్లిజరిన్. మామ్మ గరిట పట్టుకుంది, నాన్న చిటికెడు చిటికెడు పొడి వేశారు. ముందు పొడి పైనే తేలి, తర్వాత ఉండలు కట్టి, తర్వాత బియ్యప్పిండి కలిపినట్టు తెల్లగా అయింది. నాన్న కంగారుపడి గబగబా తిప్పబోతే మామ్మ చేతిమీద ఒక్కటి వేసింది. బుడగలు పడితే గాలి లోపలికి పోతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పాకం అలవాటు కొద్దీ తెలుసు. మెల్లమెల్లగా తిప్పగా తిప్పగా, ఎప్పుడు జరిగిందో తెలియకుండానే ఆ తెలుపంతా మాయమై గ్లాసు అడుగు కనపడింది. మామ్మ గరిట ఎత్తి, చివర్న జారే తీగ చూసి, "దించు" అంది.

అప్పటినించి మా ఇంట్లో దానికి గ్లిజరిన్ పాకం అని పేరు. మామ్మ షరతులు రెండే. ఆ గ్లాసూ గరిటా తన గిన్నెల్లో కలవకూడదు. సీసా మెడకి ఎర్రదారం కట్టి పై అరలో పెట్టాలి, పిల్లలు ముట్టుకోకూడదు. "నోట్లోకి పోతే ప్రమాదం" అని నాన్న కూడా నాకు నాలుగుసార్లు చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. నోట్లో పెట్టుకోవాలని నాకెప్పుడూ లేదు.

ఫిల్ము కడిగే రోజు అమ్మకి కూడా పని ఉండేది. ఎర్ర వెలుతురులో గడియారం కనపడదు. అందుకని అమ్మ పీట వేసుకుని ఓ మూల కూర్చుని, గుళ్ళో ఆదివారం అందరం చెప్పే ప్రార్థనని ఒకే వేగంతో పదహారుసార్లు చెప్పేది. పదహారోసారి ఆమెన్ అనగానే నాన్న ఫిల్ముని డెవలపర్లోంచి తీసి, నీళ్ళలో ముంచి, బొమ్మని ఖాయం చేసే హైపో మందులో వేసేవారు. "ఇదిగో, హైపోలో పడేదాకే మన చేతిలో ఉంటుంది. అందులో పడ్డాక, అప్పటికి రానిది ఇంక జన్మలో రాదు" అని నాకు చెప్పేవారు. నేను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. దేవుడికీ నాన్నకీ ఒకేసారి ఉపయోగపడే ఆ ప్రార్థనంటే నాకు గొప్పగా ఉండేది.

ఆ ఏడు క్రిస్మసు వెళ్ళిన వారానికి అమ్మకి టీచర్ల ట్రైనింగులో సీటు వచ్చింది. పెళ్ళికి ముందు ఆపేసిన చదువు. సామర్లకోట దాటి వెళ్ళాలి. ఇక్కడినించి బస్సులో రేవుకి, లాంచీలో గోదావరి అవతలికి, అక్కడినించి రైలు. ఆర్నెల్ల దాకా ఇంటికి పంపరట. నాన్న వెళ్ళమన్నారు. మామ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున తనే అమ్మ పెట్టెలో సున్నుండల డబ్బా సర్దుతూ, "మేమందరం బతికేస్తాంలే. ఈ రెండేళ్ళ వెధవ ఆర్నెల్లలో తల్లి మొహం మర్చిపోతాడు, అదీ నా బాధ" అంది.

అమ్మ అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకి లోపలికి వెళ్ళిపోయింది.

"మర్చిపోడు. నేను ఫొటోలు తీస్తాగా" అన్నారు నాన్న. ఆయన దగ్గర ఒకే ఒక్క ఫిల్ము మిగిలి ఉంది. ఎనిమిది ఫొటోలు వస్తాయి. ఎనిమిదీ అమ్మవే తీస్తానన్నారు. ఒకటి పెద్దది చేసి తమ్ముడికి అందేంత ఎత్తులో గోడకి తగిలించాలని, రోజూ సాయంత్రం వాడికి చూపించాలని అనుకున్నారు. ప్రయాణం రోజు పొద్దున్నే తీయాలి, ఎందుకంటే అంతకుముందు అమ్మకి తీరిక లేదు.

నా బాధ వేరే. పక్కింటి పెద్దమ్మ అమ్మని చూడటానికి వచ్చి, "అక్కడంతా టౌను పిల్లలుంటారు కదే. ఈ చేతులు చూసి వంటమనిషనుకుంటారేమో" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. బూడిదతో అంట్లు తోమి, సోడాతో బట్టలు ఉతికి, చేపలు బాగుచేసి అమ్మ చేతులు మామూలుగానే గరుకు. చలికాలం వచ్చిందంటే కణుపుల దగ్గర చీలికలు, వాటిలో సన్నగా నెత్తురు. అమ్మ తన చేతులు చూసుకుంటూ ఆ రాత్రి నాన్నతో, "చాక్‌పీసు పట్టుకుంటే మండుతుందేమోనండి" అనడం విన్నాను.

చలికాలం మందు అందరికీ తెలిసిందే. గ్లిజరిన్‌లో నిమ్మకాయ పిండి, పన్నీరు కలిపి చేతులకి రాసుకోవడం. మా ఇంట్లో మామూలు గ్లిజరిన్ సీసా నిండుగానే ఉంది. అదే తీసి కలిపితే ఈ కథే లేదు. కానీ నా బుర్ర నాన్న బుర్రకి కూతురు. అమ్మ వెళ్ళేది ఆర్నెల్లకి. ఎర్రదారం సీసాలో ఉన్నది ఆర్నెల్లు పాడవకుండా ఉంటుందని స్వయంగా ఎక్స్‌రే ఆయనే చెప్పారు. నిలవుండే గుణం అందులోనే ఉంది కదా, అది రాస్తే చేతులు కూడా ఆర్నెల్లు పాడవకుండా ఉంటాయి కదా? నోట్లో పెట్టుకుంటేనే ప్రమాదం, చేతులకి రాస్తే ప్రమాదమని ఎవరూ అనలేదు. నాకు ఇందులో ఎక్కడా తప్పు కనపడలేదు.

అయినా దొంగతనంగానే తీశానంటే, కనపడే ఉంటుంది.

పీట మీద పీట వేసి ఎక్కి, సీసా దించి, సగానికి పైగా అమ్మ ఖాళీ సెంటు సీసాలో ఒంపాను. నిమ్మకాయ పిండాను, పన్నీరు పోశాను, పుల్లతో తిప్పాను. ఎర్రదారం సీసాలో తగ్గినంత మేరా మామూలు గ్లిజరిన్ పోసి నింపేశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం అమ్మ గడప మీద కూర్చుంటే పక్కన చేరి, రెండు చేతులకీ వేళ్ళ సందుల్లోకి, చీలికల్లోకి నా వేళ్ళతో రుద్ది రుద్ది రాశాను. పన్నీరు వాసన ఘుమఘుమలాడింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎవరు నేర్పారే అమ్మడూ నీకు?"

"నేనే కలిపానమ్మా. పెట్టెలో పట్టుకెళ్ళు. రోజూ రాసుకోవాలి."

"అలాగేనండి డాక్టరుగారూ" అంది. సీసాని తన చీరల మధ్య పెట్టుకుంది. నా జీవితంలో అంత గర్వంగా పడుకున్న రోజు ఇంకోటి లేదు.

తెల్లవారుజామున అమ్మ నూతి దగ్గర ఆఖరిసారి బట్టలు ఉతికింది. నేను పళ్ళు తోముకుని, మొహం కడుక్కోవడానికి సబ్బు అందుకున్నాను. నురగ కడుక్కుని చూస్తే నా మూడు వేళ్ళూ గోధుమరంగులోకి తిరిగి ఉన్నాయి. గోకితే పోలేదు. తలెత్తి చూశాను. నూతి గట్టు మీద అమ్మ తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటోంది. వేలి కణుపులు, గోళ్ళ చుట్టూ, చీలికల్లో అంతా ముదురు గోధుమరంగు మరక. సోడా తగిలినకొద్దీ నల్లబడుతోంది.

పిడికిలి బిగించి లోపలికి పారిపోయాను.

కాఫీల దగ్గర మామ్మే ముందు చూసింది. "అవేం చేతులే? ఏమైంది?"

"అరటిపువ్వు ఒలిచానండి అత్తయ్యగారూ. ఆ జిగురు" అంది అమ్మ.

"మనం అరటిపువ్వు వండి పది రోజులైందే?"

"మనకి కాదండి. వీధి చివర వాళ్ళకి ఒలిచి ఇచ్చాను."

నాన్న కెమెరా తుడుచుకుంటూ, "ఫొటో రోజునే దొరికిందా నీకు అరటిపువ్వు" అని విసుక్కున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అదృష్టం కొద్దీ అమ్మ నిన్న ఎవరికో అరటిపువ్వు ఒలిచిందన్నమాట. మా అమ్మ అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు కాబట్టి, ఆ మరక నిజంగా అరటిపువ్వుదే అయ్యుంటుందని సగం నమ్మేశాను. మిగతా సగం నా పిడికిట్లో ఉంది.

పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన తెల్లదుప్పటి కట్టి, ముందు కుర్చీ వేసి నాన్న ఫొటోలు మొదలుపెట్టారు. అమ్మ తెల్లచీర కట్టుకుంది. చేతులు రెండూ పైట చెంగులో చుట్టేసుకుంది. తమ్ముడిని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కూడా చెంగుతోనే పట్టుకుంది. నన్ను పక్కన నిలబెట్టి, "చేతులు వెనక్కి కట్టుకో. ఆఁ, అలా బుద్ధిగా" అంది. టీచరమ్మ కాబోతోంది కదా, ఇప్పటినించే మొదలుపెట్టింది అనుకున్నాను. ఎనిమిదీ అయిపోయాయి. పది గంటల బస్సుకి అమ్మ వెళ్ళిపోయింది. తమ్ముడు బస్సుకి టాటా చెప్పి, బస్సు కనపడకుండా పోయాక ఏడుపు మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం భోజనాలకి నాన్న కూర్చోలేదు. "కడిగేద్దాం పద అమ్మడూ. మీ అమ్మ కూర్చునే చోట ఇవాళ నువ్వు కూర్చోవాలి" అన్నారు.

బయట ఎండ, లోపల చీకటి. గోనెసంచుల సందుల్లో పెసరగింజంత వెలుగు కూడా లేకుండా చూసుకుని, ఎర్ర లాంతరు వెలిగించారు. మూడు పళ్ళేలు. మొదటి దాంట్లో సోడా నీళ్ళు. ఎర్రదారం సీసా మూత తీసి రెండు చెంచాలు కొలిచి కలిపారు. రెండో దాంట్లో నీళ్ళు, మూడో దాంట్లో హైపో. ఫిల్ము చుట్ట విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, పళ్ళెంలోకి దించుతూ ఎత్తుతూ ఉయ్యాలలా ఊపడం మొదలుపెట్టారు.

"చెప్పు."

చెప్పాను. నాలుగుసార్లు అయ్యేసరికి మామూలుగా నీడలు కనపడటం మొదలవుతుంది. నాన్న ఫిల్ముని లాంతరు వైపు వంచి చూశారు. ఏమీ లేదు. ఎనిమిదిసార్లు అయింది. పాలమీగడ రంగులో ఫిల్ము ఖాళీగా ఉంది. పన్నెండోసారికి ఎక్కడో పొగలాంటిది.

"ఎండ బాగానే ఉందే... షట్టరు సరిగా తెరుచుకోలేదంటావా? పాత కెమెరా, పోయినట్టుంది" అన్నారు నాన్న. ఆయన గొంతు ఎలా ఉందంటే, నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

పదహారోసారి మొదలుపెట్టాను. క్షమించమని అడిగే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

"ఆపావేంటి?"

నేను నా గోధుమరంగు వేళ్ళని ఒళ్ళో దాచుకున్నాను.

"పోనీలే. అయిపోయినట్టే. వచ్చింది వచ్చింది" అని నాన్న ఫిల్ముని నీళ్ళలో ముంచి పైకెత్తారు. నీళ్ళు కారుతున్నాయి. ఆయన చేతులు హైపో పళ్ళెం వైపు జరిగాయి.

"వద్దు నాన్నా! హైపోలో వెయ్యొద్దు!"

ఆయన చేతులు అక్కడే ఆగాయి.

"పాకం నేను తీశాను. అమ్మ చేతులకి కలిపాను. ఇందులో మామూలు గ్లిజరిన్ పోసేశాను."

కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎంత తీశావు?"

"సగం."

"సగమా, సగం పైనా? నిజం చెప్పు, నాకు లెక్క కావాలి."

"సగం పైనే."

"అయితే కెమెరా బాగానే ఉంది" అన్నారు నాన్న. ఆ మాటలో ఉన్న సంతోషానికి నేను బావురుమన్నాను. "ఏడుపు తర్వాత. ఇలా రా. ఈ రెండు కొసలూ పట్టుకో. వేళ్ళు మధ్యలో తగలనివ్వకు. కింద పెట్టకు."

అమ్మ ఉన్న ఫిల్ముని నా చేతికి ఇచ్చారు. పొద్దున్నించి నేను దాచుకుంటున్న చేతులకే ఇచ్చారు. చల్లగా, జారుడుగా ఉంది. నాన్న ఎర్రదారం సీసాని తలకిందులు చేసి పట్టుకున్నారు. ఉన్న కాస్త పాకమూ, అది తొందరపడదు కదా, మెల్లగా, చాలా మెల్లగా పళ్ళెంలోకి దిగింది. పుల్లతో కలిపి, నా చేతిలోంచి ఫిల్ము తీసుకున్నారు.

"మళ్ళీ మొదట్నించి చెప్పు. ఈసారి ఎక్కడా ఆపకు."

ఎన్నిసార్లు చెప్పానో నాకు గుర్తులేదు. పదహారు దాటింది, ముప్పై దాటింది. గొంతు బొంగురుపోయింది. ఏడుస్తూ చెప్పినవి కొన్ని, ఎక్కిళ్ళతో చెప్పినవి కొన్ని. ఎక్కడో మధ్యలో నాన్న, "అదిగో" అన్నారు.

అమ్మ వచ్చింది. ముందు తెల్లచీర నల్లగా వచ్చింది, తర్వాత మొహం. నెగెటివులో అన్నీ తారుమారు కదా, అమ్మ జుట్టు ముగ్గుబుట్టలా తెల్లగా ఉంది. ముసలావిడలా ఉందని భయపడ్డాను. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ జుట్టు నిజంగానే అలా అయిన రోజుల్లో, ఆవిడకి తల దువ్వుతూ, నిన్ను ఇలా ముందే చూశానమ్మా అనేదాన్ని.

ఫిల్ము హైపోలో వేశాక నాన్న నా వేళ్ళు లాంతరు దగ్గరికి లాక్కుని చూశారు. "అరటిపువ్వు కాదన్నమాట" అని నిట్టూర్చారు. "మామ్మకి చెప్పక్కర్లేదు. అమ్మకి మాత్రం నువ్వే ఉత్తరం రాయాలి. ఆ సీసా పారెయ్యమని, ఎందుకో కూడా."

రాశాను. మూడు కార్డులు చించి నాలుగోది రాశాను. వారానికి జవాబు వచ్చింది. హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉంటుందని, తమ్ముడికి చెవుల్లో నూనె వేయమని, మామ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని రాసి, చివర్న ఒక్క వాక్యం నాకు రాసింది. నీ సీసా నా పెట్టెలో భద్రంగా ఉంది అని. నా ఉత్తరం అమ్మకి అర్థం కాలేదనుకుని బెంగపెట్టుకున్నాను.

ఫొటో గోడకి ఎక్కింది. కాస్త పలచగానే ఉంది గానీ అమ్మే. రోజూ సాయంత్రం మామ్మ తమ్ముడిని దాని ముందు నిలబెట్టి, "ఎవర్రా?" అని అడిగేది. వాడు "అమ్మ" అని గాజు మీద ముద్దు పెట్టేవాడు. గాజంతా ఉగ్గు మరకలే. ఆర్నెల్లకి అమ్మ వర్షంలో తడుస్తూ వచ్చినప్పుడు వాడు మామ్మ వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పిలవలేదు, చేతులు చాచలేదు. వాడు గోడ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, మళ్ళీ గోడ వైపు చూశాడు. తర్వాత పరుగెత్తాడు.

ఆ సాయంత్రం పెట్టె సర్దుతూ అమ్మ చీరల మధ్యలోంచి సెంటు సీసా తీసింది. లోపలున్నది కాఫీ డికాక్షనులా నల్లగా ఉంది. నాన్న దాన్ని వెలుతురుకి పట్టి చూసి పగలబడి నవ్వారు. "పన్నీరంటే నీళ్ళే కదే! నిమ్మరసమూ నీళ్ళే. నాలుగో రోజుకే పోయుంటుంది ఇది" అని, అమ్మతో, "పారెయ్యమని పిల్ల రాసింది కదా, ఆర్నెల్లు మోసుకొచ్చావేంటి?" అన్నారు.

"పారేయబుద్ధి కాలేదండి."

"దీనివల్లేనని తెలిశాక కూడా?"

"దీనివల్లేనని నాకు నూతి దగ్గరే తెలుసు. పదేళ్ళుగా మీ చొక్కా చేతుల మీద నేను ఉతికే మరక నాకు తెలీదా?" అంది అమ్మ. గొంతు తగ్గించి, వంటింటి వైపు, మామ్మ ఉన్న వైపు ఓసారి చూసింది. "పిల్ల పిడికిళ్ళు బిగించుకుని తిరుగుతోంది. వెళ్ళిపోయే రోజు దాన్ని తిట్లు తిననిచ్చి ఎలా వెళ్ళనండి?"

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకోమన్నది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

మామ్మ మాత్రం పోయేదాకా, "ఆ రోజు మీ అమ్మ ఏ ఇంటివాళ్ళకి అరటిపువ్వు ఒలిచిందో ఇప్పటికీ తేలలేదు నాకు. వీధంతా అడిగాను" అనేది. మేమెవరం చెప్పలేదు.

ఆ గది లేదు. ఆ ఎనామిలు గ్లాసు ఎవరి వాటాలోకి వెళ్ళిందో తెలియదు. చీకట్లో కూర్చుని ఒక మొహం కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పినా, ఫోను చూపించి నవ్వుతారు. ఫొటో మాత్రం నాతోనే ఉంది, ఇప్పుడు నా గోడ మీద ఉంది. కుర్చీలో అమ్మ, ఒళ్ళో తమ్ముడు, పక్కన నేను. మా ఇద్దరి చేతులూ అందులో కనపడవు.

ఇందాక ఇంటికొచ్చి, పెదాలకి రాసుకుని, మిగిలింది చేతులకి రాసుకుంటుంటే కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి పాలప్యాకెట్టు ఇవ్వడానికి వచ్చింది. ఫొటో ముందు ఆగింది.

"మీ అమ్మగారా అండీ? ఎంత బాగున్నారో. అదేంటండీ, చేతులు రెండూ అలా చెంగులో చుట్టేసుకున్నారు?"

"చలికాలం కదమ్మా" అన్నాను.